ఇంట్లోంచి ఒక్కరే

వరంగల్, బీట్ బజార్
జులై

దీప్తీ,

ఆఫ్రికా వెళ్లిన ఆడబిడ్డకు ఉత్తరం కదా, ఘనంగా మొదలుపెడదామనుకున్నాను. చెయ్యి రాలేదు. పేరుతోనే సరిపెట్టుకో.

నువ్వుండే పల్లెలో ఫోన్ పలకదట కదా. మందుల బండి డ్రైవర్ మనం రాసింది ఫోటో తీసి పట్నం నుంచి అటూ ఇటూ చేరవేస్తాడని మీ అన్న చెప్పాడు. ఆయన మాత్రం రాయడు. "నువ్వే రాయి, నీకు తీరిక" అన్నాడు. పొద్దున లేస్తే నీ వంతు పని కూడా నేనే చేస్తున్నా. నాకు తీరిక!

ఉన్నమాట రాస్తాను. నాకు కుళ్లుగా ఉంది. ఆఫ్రికా పల్లెలకు నర్సులను పంపే ఈ వాలంటీర్ల సంగతి పేపర్లో చూసి నీకు చెప్పింది నేను. పెళ్లికి ముందు నెక్కొండ దగ్గర సబ్‌సెంటర్లో నర్సమ్మగా ఊళ్లు తిరిగింది నేను. నర్సింగు చదివి ఇంట్లో కూర్చున్నదానివి నువ్వు. హైదరాబాద్‌కు ఇంటర్వ్యూకు ఇద్దరం పోయాం, ఇద్దరి పేర్లూ వచ్చాయి. అప్పుడు అత్తమ్మ గల్లా మీద కూర్చొని ఏమన్నది? "ఇంట్లకెల్లి ఒక్కలే పోవాలె. ఇద్దరు పోతే దుకాణం ఎవలు చూస్తరు?" ఆ ఒక్కరు ఎవరని అడిగినవాళ్లు కూడా లేరు. నీకు సూట్‌కేసు కొన్నారు. "ఫారిన్ పోయొచ్చిన పిల్లంటే సంబంధాలు గూడ మంచియొస్తయ్" అని అత్తమ్మ ఒకటే సంబరం.

ఆ సూట్‌కేసులో నీ బట్టలు మడతపెట్టి సర్దింది నేనే. మామిడికాయ తొక్కు సీసా మూత బిగించిందీ నేనే. బలమంతా పెట్టి బిగించాను. తీయడానికి ఎంత కష్టపడ్డావో రాయి, కొంచెం తృప్తిగా ఉంటుంది.

సింధు వాళ్ల బళ్లో "మా అత్త ఆఫ్రికాల డాక్టర్" అని చెప్పిందట. డాక్టర్ కాదు, నర్సు అని సరిదిద్దాను. "నువ్వు అది గూడ కాదు గద మమ్మీ, బెల్లం అమ్ముతవ్" అన్నది. నా కడుపున పుట్టిన పిల్ల!

తింటున్నావా, ఒంట్లో బాగుందా, అన్నీ రాయి.

వదిన పద్మ

*

చిలోంబె, మలావి
ఆగస్టు

వదినా,

మూత రాలేదు. చివరికి సీసా పగలగొట్టాల్సి వచ్చింది. సంతోషమేనా?

ఇక్కడ అంతా బ్రహ్మాండంగా ఉంది. మనకు వానలు పడే రోజుల్లో వీళ్లకు చలి. మొక్కజొన్న పిండితో గట్టిగా వండిన సంకటి రెండు పూటలా తింటున్నాను. ఎర్రమట్టి దారులు, గడ్డి కప్పుల ఇళ్లు. ఎవరింటికి వెళ్లినా ముందు చాప పరుస్తారు. నా పని ఇల్లిల్లూ తిరగడం. దోమతెర కట్టుకున్నారా, నీళ్లు కాచి తాగుతున్నారా, పిల్లలకు టీకాలు పడ్డాయా, ఇవన్నీ చూడాలి. గురువారం మాత్రం చర్చి వరండాలో పసిపిల్లల బరువు చూస్తాం. దూలానికి కాంటా వేలాడదీసి, సంచిలాంటి దాంట్లో పిల్లను కూర్చోబెట్టి తూయడమే. బెల్లం దుకాణం పిల్లకు తూకం ఒకరు నేర్పాలా!

ఊరి ఆడవాళ్లంతా నా చుట్టూనే ఉంటారు. నేను కనబడితే చాలు, పిల్లలు పేరు పెట్టి కేకలేస్తారు. గ్రేస్ అని ఈ ఊరావిడే, నాకు సాయంగా ఉంటుంది. మంచి మనిషి. ఫోటోలు పంపుతున్నాను, సింధుకు చూపించు. వాళ్ల టీచర్‌కు కూడా చూపించమను.

నువ్వు కూడా వచ్చి ఉంటే బాగుండేది. ఏం చేస్తాం, ఎవరి అదృష్టం వాళ్లది. కుళ్లుకుంటే సన్నబడతారట. నీకు అదీ మంచిదే.

నీ దీప్తి

*

వరంగల్
అక్టోబర్

దీప్తీ,

సన్నబడలేదు. సద్దుల బతుకమ్మకు పొడులన్నీ నేనే దంచి, నేనే కలిపి, మిగిలింది నేనే తిన్నాను.

పోయిన నెల నీకు మలేరియా అని మీ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిన రోజు మనింట్లో పొయ్యి వెలగలేదు. నేనూ ఏడ్చాను, అది వేరే సంగతి. నువ్వు లేచి తిరుగుతున్నావని కబురు వచ్చేదాకా అత్తమ్మ మంచినీళ్లు ముట్టలేదు. అప్పుడే సమ్మక్కకు మొక్కుకుంది, నీకు నయమైతే మేడారంలో నీ నిలువెత్తు బంగారం ఇస్తానని. ఆ తల్లి దగ్గర బెల్లాన్నే బంగారం అంటామని, మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం తూచి ఇస్తామని నీ గ్రేస్‌కు చెప్పు. బంగారం అనగానే కంగారుపడుతుందేమో, నిదానంగా చెప్పు.

చిక్కు ఏమిటంటే జాతర జనవరి చివర్లో ఉంది. నువ్వు వచ్చేది ఎండాకాలం. ఇది దాటితే మళ్లీ జాతర రెండేళ్లకు గానీ రాదు. "మొక్కు అట్ల ఆపద్దు" అని అత్తమ్మ పట్టు. మరి నీ బదులు కాంటాలో కూర్చునేది ఎవరు? ఇల్లంతా ఒకసారి కలియజూసి, "పద్మా, నువ్వు కూసో. నీది, దానిది ఒక్కటే ఒడ్డుపొడుగు గద" అన్నది. చూశావా నా బతుకు? కూర్చునేది నేను, తూగేది నువ్వు.

బతుకమ్మ ఆడేకాడ కూడా ఇదే గోస. బజారు ఆడవాళ్లంతా "దీప్తి ఎట్లున్నది, దీప్తికి జరం తగ్గిందా" అని అడిగేవాళ్లే. మనింటి బతుకమ్మ అందరికంటే ఎత్తుగా పేర్చింది నేను. గునుగు పూలు కోసి, రంగులద్ది, చేతులన్నీ ఎర్రబడ్డాయి. ఒక్కరు చూడలేదు.

ఇక నీ ఫోటోలు. అన్నీ పెద్దవి చేసి చూశాను. ప్రతి ఫోటోలో వరస గ్రేస్ ముందర ఉంది. పిల్లలు గ్రేస్ చేతుల్లో ఉన్నారు. నువ్వు ఓ పక్కన పెన్ను పట్టుకొని నిలబడ్డావు. ఎవరు ఎవరికి సాయంగా ఉన్నట్టు? నిజం రాయి. లేకపోతే సింధుకు నేనే చెప్తాను.

వదిన

*

చిలోంబె
నవంబర్

వదినా,

నీ కళ్లలో దుమ్ము కొట్టడం నా వల్ల కాదు. సరే, జరిగింది రాస్తాను. అమ్మకు చెప్పకు.

మన దుకాణంలో సాంబయ్య బెల్లం తూస్తే అంకె బజారంతా వినేలా అరుస్తాడు కదా. అరవకుండా తూస్తే గిరాకీలు మనల్ని దొంగలనుకుంటారని నాన్న పోయేదాకా అంటూనే ఉన్నాడు. పుట్టినప్పటి నుంచి ఆ అరుపు విన్న చెవులు ఇవి. మొదటి గురువారం నేనూ అట్లాగే కాంటా ముందు నిలబడ్డాను. పిల్లను వేయడం, అంకె అరవడం. వీళ్ల భాషలో అంకెలు ముందే నేర్చుకొని ఉన్నానేమో, నాకే గొప్పగా అనిపించింది. బొద్దు పిల్లల దాకా బాగానే నడిచింది. తర్వాత ఒకావిడ బక్కచిక్కిన పిల్లాణ్ని తెచ్చింది. వాడి అంకె కూడా అంతే గట్టిగా అరిచాను. వరస మొత్తం విన్నది. ఆ తల్లి పిల్లాణ్ని సంచిలోంచి గుంజుకొని, వీపుకు కట్టుకొని వెళ్లిపోయింది. వెనకున్నవాళ్లు కూడా ఒక్కొక్కరే జారుకున్నారు. నేను కాంటా పట్టుకొని, తూకం సరిగ్గానే ఉంది కదా అని చూసుకుంటూ నిలబడ్డాను. నా బుద్ధి చూడు.

గ్రేస్ ఎట్లా చేస్తుందో తెలుసా? ముల్లుకు చేయి అడ్డం పెడుతుంది. తను చూసి తల్లి చెవిలో చెప్తుంది. బరువు పెరిగితే ఇద్దరూ నవ్వుకుంటారు. తగ్గితే కాసేపు పక్కకు పోయి మాట్లాడుకుంటారు. ఆ మాటలేమిటో వినాలని నాకు ప్రాణం కొట్టుకుంటుంది. అప్పటి నుంచి తూచేది ఆమె, రాసేది నేను.

నువ్వు నన్ను చూసి కుళ్లుకుంటున్నావు. నేను గ్రేస్‌ను చూసి కుళ్లుకుంటున్నాను. ఆమె దారిలో పోతుంటే ప్రతి ఇంట్లోంచీ పిలుపే. నన్ను పిలిచేది పిల్లలు మాత్రమే, అదీ నా నడకను వెక్కిరించడానికి. ఇంత దూరం వచ్చి ఎవరికీ అక్కరలేని మనిషినయ్యాను వదినా. ఇప్పుడు ఒక్కో ఇంటికీ వెళ్లి, చాప మీద కూర్చొని, తప్పయిందని చెప్పుకుంటున్నాను. కొందరు నీళ్లిస్తారు. ఆ బక్కపిల్లాడి తల్లి పేరు ఎస్తేర్. ఆమె మాత్రం తలుపు తీయదు.

నీకు సంతోషంగా ఉంటే ఉండనీ.

దీప్తి

*

వరంగల్
డిసెంబర్

దీప్తీ,

నీ ఉత్తరం చదివి ముందు పడీపడీ నవ్వాను. చంటిపిల్లను బెల్లం ముద్దలాగా తూచి అరిచావా తల్లీ! తర్వాత జాలేసింది. కొన్నాళ్లు నీ మీద కుళ్లే లేదు. నాకే వింతగా ఉండింది.

నిన్న మీ ఆఫీసు అరుణ మేడమ్ ఫోన్ చేసింది. వచ్చే జూన్ నుంచి చిలోంబెకు మళ్లీ ఒకరు కావాలట. పోయినసారి నా పేరు వచ్చింది కాబట్టి ఇంటర్వ్యూ కూడా అక్కర్లేదట. "దీప్తి ఇంకో ఏడాది ఉంటానంటే మాత్రం ఆమెకే ఇస్తాం. జనవరిలో చెప్పమన్నాం. మీకు రాసే ఉంటుంది కదండీ" అన్నది. రాసిందండీ అన్నాను. చేతినిండా బెల్లం జిడ్డు, చెవి దగ్గర ఫోను, ఎదురుగా గిరాకీ. నవ్వుముఖం పెట్టి అబద్ధమాడాను నీ పరువు కోసం.

ఎందుకు రాయలేదు? ఎవరికీ అక్కరలేని మనిషినయ్యానని పేజీ నింపావు. ఈ ఒక్క మాటకు చోటు లేకపోయిందా?

సిగ్గు విడిచి రాస్తున్నా, నాకు ఆ పని కావాలి. పసిపిల్ల తొడకు సూది వేసి, ఏడుపు ఆగేదాకా ఎత్తుకొని తిరిగి ఎన్నేళ్లయిందో. ఇప్పుడు బెల్లం ముక్క విరిచి గిరాకీ నోటికి అందించడమే నా వైద్యం. మీ అన్నను అడిగితే "అమ్మను అడుగు" అన్నాడు. అత్తమ్మను అడిగితే "దీప్తి వస్తనంటె నువ్వు పో. నేను వద్దన్ననా? ఇంట్లకెల్లి ఒక్కలే, గంతే" అన్నది. అంటే నా ప్రయాణం నీ చేతిలో ఉంది. అందరూ అత్తలతో వేగుతారు. నా అత్త మంచిదే, నాకు ఆడబిడ్డ దొరికింది.

వస్తావా, ఉంటావా? ఒక్క మాట రాయి.

పద్మ

*

చిలోంబె
జనవరి

వదినా,

ఉంటానని చెప్పేశాను.

తిట్టుకో. క్రిస్మస్ రోజున ఎస్తేర్ తలుపు తీసింది. ఒక్క మాట అనకుండా పిల్లాణ్ని నా ఒళ్లో పడేసి, పిండి దంచుకోవడానికి పోయింది. వాడు నా చెవి పట్టుకొని నిద్రపోయాడు. కాళ్లు తిమ్మిరెక్కినా నేను కదల్లేదు. ఇన్ని నెలలకు ఒక తలుపు తెరుచుకుంటే, ఇప్పుడు వదిలేసి రమ్మంటావా?

అది సగమే. మిగతా సగం కూడా రాస్తాను, ఎట్లాగూ నువ్వు పసిగడతావు. నువ్వు ఇక్కడికి వస్తే వీళ్లు నిన్ను మొదటి రోజే లోపలికి పిలుస్తారు. నీ పెళ్లికి నువ్వు పనిచేసిన ఊళ్ల నుంచి ఆడవాళ్లు ట్రాక్టర్లలో వచ్చారు. మా నర్సమ్మ పోతున్నదని నీ చుట్టూ చేరి ఏడ్చారు. మగపెళ్లివారి వైపు కూర్చొని నేనదంతా చూశాను. నా కోసం అట్లా ఎవరూ ఏడవరని నాకు అప్పుడే అనిపించింది.

అమ్మ సంగతి సరేసరి. నేను పట్నం పోయి ఫోన్ చేసిన ప్రతిసారీ ఒకటే పాట. "పద్మ ఉన్నది గాబట్టి సరిపోయింది. పద్మ చెయ్యి పడితే దుకాణం కళకళ. నువ్వున్నప్పుడు గింత సుఖం లేకుండె." నేను తిన్నానా లేదా అనేది ఆ తర్వాతే. మా అమ్మను తీసుకున్నావు. ఈ ఊరు కూడా నీకే ఇవ్వాలా?

ఇవ్వను. చెడ్డదాన్నే అనుకో.

దీప్తి

*

వరంగల్
ఫిబ్రవరి

దీప్తీ,

మేము జాతరకు బయల్దేరే రోజు పొద్దున నీ ఉత్తరం వచ్చింది. చదివాను. ఫోను పక్కన పెట్టి, పోయి కాంటాలో కూర్చున్నాను.

అత్తమ్మకు కరెంటు కాంటా మీద నమ్మకం లేదు కదా. గోదాములోంచి పాత పెద్ద కాంటా తీయించింది. ఒక పళ్లెంలో నేను. రెండో పళ్లెంలో సాంబయ్య బెల్లం ముద్దలు పేరుస్తున్నాడు. సగం బజారు మన గుమ్మం ముందే ఉంది. నా కోపం కూడా తూగితే ఆ రోజు గోదాము ఖాళీ అయ్యేది. ముల్లు నిలబడింది. సాంబయ్య అంకె అరిచాడు. అత్తమ్మ ముఖం చిట్లించింది. "దీప్తి గింత ఉండది. గా పైన రెండు ముద్దలు తీసెయ్ సాంబయ్యా."

సాంబయ్య చేయి చాపాడు.

"తియ్యకు" అన్నాను పళ్లెంలోంచే. ఆ గొంతు నాదేనా అనిపించింది. "కిందియి దీప్తియి. పైన రెండు నాయి. నాకు గూడ మొక్కున్నది."

"నీకేం మొక్కే?" అన్నది అత్తమ్మ.

"నేను గూడ పోవాలె అత్తమ్మా. గా ఊరు కాకపోతె ఇంకో ఊరు. ఈ ఏడు కాకపోతె వచ్చే ఏడు. పోవుడు మాత్రం పోవాలె."

అందరూ వింటున్నారు. అత్తమ్మ చేయి పట్టి నన్ను దించింది. మీ అన్న మాట్లాడిన జీపులో మేడారం పోయాం. జనంలో తోసుకుంటూ సమ్మక్క గద్దె దగ్గరికి చేరాం. అత్తమ్మ నీ పేరు చెప్పి నీ బంగారం సమర్పించింది. తర్వాత ఆ రెండు ముద్దలు నా చేతిలో పెట్టి "నీయి నువ్వే పెట్టుకో" అన్నది. పెట్టాను. కళ్లలో పసుపు పడిందని చెప్పి చాలాసేపు ఏడ్చాను.

నిన్ను తిడదామనే కూర్చున్నాను. కానీ ఒకటి చెప్పకుండా ఉండలేను. నువ్వు రాసిన ఆ పాట నేను ఏనాడూ వినలేదు. నాకు వినిపించేది ఇంకో పాట. "దీప్తి అయితె చిటికెల చేస్తుండె. దీప్తికున్న తెలివి ఎవలకున్నది?" పొయ్యి దగ్గర ఒకసారి, గల్లా దగ్గర ఒకసారి. నీకు నన్ను చూపిస్తుంది, నాకు నిన్ను చూపిస్తుంది. ఎదురుగా ఉన్న మనిషిని మెచ్చుకోవడం ఆమెకు చేతకాదు. అది తెలియక మనిద్దరం ఇన్నాళ్లూ ఒకరి మీద ఒకరం ఏడ్చుకున్నాం.

మీ అమ్మను నేనేం తీసుకోలేదు. నీ అమ్మ నీకే ఉంది. ఆ ఊరూ నువ్వే ఉంచుకో. నా కోపం పోయిందని మాత్రం అనుకోకు, పోలేదు.

పద్మ

*

చిలోంబె
మార్చి

వదినా,

అరుణ మేడమ్‌కు నా మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. జూన్‌లో చిలోంబెకు నువ్వే. అమ్మతోనూ మాట్లాడాను. గల్లా మీద నేను కూర్చుంటా, సింధుకు జడ నేను వేస్తా అన్నాను. "నువ్వా? పద్మ ఏసినట్టు ఎవలేస్తరే జడ?" అన్నది. నువ్వు చెప్పింది గుర్తొచ్చి పట్నంలో నడిరోడ్డు మీద నవ్వాను. తర్వాత అక్కడే ఏడ్చాను.

మంచిదాన్నై ఇస్తున్నాననుకోకు. నీ ఉత్తరం చదివాక ఇక్కడ ఉండబుద్ధి కాలేదు. వెళ్లబుద్ధీ కావడం లేదు. నీ వదిన ఎట్లాంటిదని గ్రేస్ అడిగింది. నాకంటే మంచి నర్సు అని చెప్పాను. ఆ మాట అనడానికి నేనెంత పెనుగులాడానో నీకు తెలియదు. "అయితే మంచిదే" అని గ్రేస్ నవ్వింది. ఆ నవ్వు చూసి కూడా మండింది.

చాప పరిస్తే చెప్పులు విడిచి కూర్చో. వంటింటి వైపు చూడకు, ఆకలేసిందనుకొని ఉన్నదంతా పెట్టేస్తారు. ఎస్తేర్ కొడుక్కి ఇప్పుడు కాస్త కండపట్టింది. వాణ్ని ఎక్కువ ముద్దు చేయకు. చేయకు అంటే చేయకు.

ఒక్కటి అడుగుతాను. వీళ్లు నిన్ను మొదటి రోజే లోపలికి పిలిచారనుకో, నాకు రాయకు. మొదట్లో ఎవరూ దగ్గరికి రాలేదని, చాలా కష్టపడ్డానని రాయి. అబద్ధమైనా ఫరవాలేదు. గల్లా మీద కూర్చొని చదువుకుంటాను.

దీప్తి

*

చిలోంబె
జూన్

దీప్తీ,

సింధు ఎయిర్‌పోర్టులో నాకు టాటా చెప్పి, వెనక్కి చూడకుండా నీ చెయ్యి పట్టుకొని పోయింది. ఆ సంగతి వచ్చాక తేల్చుకుంటాను.

మొదటి గురువారం చర్చి వరండాలో కాంటా కట్టుకొని నిలబడ్డాను. గ్రేస్ అందరికీ నన్ను చూపించి ఏదో చెప్పింది. ఆడవాళ్లు నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశారు. నా వెనక చూశారు. దారి వైపు చూశారు. "దీప్తి?" అన్నది ఒకావిడ. వెళ్లిపోయిందని గ్రేస్ చెప్పింది. "దీప్తి?" అన్నది ఇంకో ఆవిడ, మొదటావిడ తప్పుగా అడిగిందన్నట్టు. నేను ముల్లుకు చేయి అడ్డం పెట్టి, చెవిలో చెప్పబోతే తల వంచేవాళ్లే లేరు. పిల్లల్ని ఎత్తుకొని గ్రేస్ దగ్గరికి పోయారు. నాకు పెన్ను ఇచ్చారు.

ఎస్తేర్ ఇంటికీ పోయాను. చాప పరిచింది, నీళ్లిచ్చింది. కొడుకును అడిగితే ఇచ్చింది కూడా. వాడు నా ముఖంలోకి చూసి ఊరు ఎగిరిపోయేలా ఏడ్చాడు. వెనక్కి ఇచ్చేదాకా ఊరుకోలేదు. ఆమె వాణ్ని ఊరడిస్తూ దారి చూపించి నీ పేరు చెప్పింది. వాడు ఏడుపు ఆపి అటే చూశాడు. పోయిన గురువారం వరండాలో కూడా ఇదే కథ.

ఇంట్లో నీ పేరు వినలేక సముద్రం దాటి వచ్చాను. ఇక్కడా నీ పేరే. నేను నెక్కొండ నర్సమ్మనని, నా కోసం ట్రాక్టర్లలో వచ్చి ఏడ్చారని ఎవరికి చెప్పుకోను? ఒళ్లంతా కుళ్లుతో మండిపోతోంది.

అబద్ధం రాయమన్నావు. రాద్దామనే కూర్చున్నాను. అవసరం పడలేదు.

వదిన పద్మ